నేలలోని హీటింగ్ పైపులకు ఒత్తిడి పరీక్ష: గాలితోనా, నీటితోనా?

నమస్కారమండీ. స్క్రీడ్ (పైపులను కప్పుతూ నేల మీద పోసే సిమెంటు పొర) పోయడానికి ముందు పైపులను గాలితోనే పరీక్షిస్తానని మీ ప్లంబర్ అంటున్నారనీ, అది సరిపోతుందా అనీ అడిగారు. ఇల్లు గడ్డకట్టే చలిలో లేకపోతే నీటితోనే చేయించమని నా సలహా. గాలి పరీక్ష తప్పని కాదు. అందులో ఒత్తిడిని చూపే గేజ్ ముల్లు కదలకుండా నిలబడినంత మాత్రాన లీకు లేదని నమ్మడానికి వీల్లేదు.

బయటి వ్యాసం 16 మిల్లీమీటర్లు, గోడ మందం 2 మిల్లీమీటర్లు ఉన్న పైపు 100 మీటర్ల చుట్టలో సుమారు 11 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటిని 6 బార్ల ఒత్తిడికి తెచ్చినప్పుడు అది కుంచించుకునేది 3 మిల్లీలీటర్లే. ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కనుక మరికొంత నీరు ఎక్కుతుంది, అయినా ఏ బిగింపు దగ్గరైనా కొద్దిపాటి నీరు కారితే చాలు, ముల్లు స్పష్టంగా దిగుతుంది. అదే చుట్టలో గాలిని 6 బార్లకు ఎక్కించాలంటే బయటి గాలిని సుమారు 68 లీటర్లు అదనంగా లోపలికి కుక్కాలి. అందులోంచి ఒక లీటరు తప్పించుకుపోయినా ఒత్తిడి తగ్గేది 0.1 బార్ లోపే. మేనిఫోల్డ్ (చుట్టలన్నీ వచ్చి కలిసే పైపుల కూడలి) మీది చిన్న గేజ్‌లో అది కంటికి ఆనదు.

పైగా గది చల్లబడినా, వేడెక్కినా గాలి ఒత్తిడి మారిపోతుంది. సాయంత్రం 20 డిగ్రీల దగ్గర 6 బార్లకు ఎక్కించిన గాలి, తెల్లవారేసరికి గది 10 డిగ్రీలకు దిగితే, ఏ లీకూ లేకుండానే 0.24 బార్ వరకు తగ్గుతుంది. మధ్యాహ్నం గది వేడెక్కినప్పుడు పెరిగే ఒత్తిడి నిజంగా ఉన్న లీకును కప్పిపుచ్చగలదు కూడా.

ప్రమాదం సంగతి వేరే చెప్పాలి. నీటి పరీక్షలో బిగింపు ఊడితే నీళ్లు చిమ్మి, ఒత్తిడి వెంటనే పడిపోతుంది. గాలి పరీక్షలో ఊడితే లోపల అణిగి ఉన్న గాలి అంతా ఒక్కసారిగా వ్యాకోచించి, ఆ ముక్కను మనిషికి గాయమయ్యేంత వేగంతో విసురుతుంది. అందుకే జాగ్రత్తగా పనిచేసేవారు మొదట 150 మిల్లీబార్ల వంటి తక్కువ ఒత్తిడిలో ప్రతి జాయింటు మీదా లీకు కనిపెట్టే నురుగు ద్రవం చల్లి బుడగలు వస్తున్నాయేమో చూసి, ఆ తర్వాతే, అదీ 3 బార్లు మించకుండా, పెంచుతారు. గిన్నెలు తోమే సబ్బు వాడనివ్వకండి. కొన్ని ప్లాస్టిక్ భాగాలు దానివల్ల పగుళ్లు పడతాయి.

గాలి నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. నేల మీద చదునుగా పరిచిన చుట్టలోని నీరు దానంతటది దిగిపోదు కాబట్టి, ఒక్కొక్క చుట్టనూ కంప్రెసర్‌తో ఊదితే తప్ప ఖాళీ కాదు. హీటింగ్ ఇంకా మొదలుకాని ఇంట్లో, రాత్రి ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయే రోజుల్లో, నీరు నింపి వదిలేస్తే పైపు పగలవచ్చు. అలాంటప్పుడు గాలి, లేదంటే గ్లైకాల్ (నీరు గడ్డకట్టకుండా ఆపే ద్రవం) కలిపిన నీరు వాడాలి. గ్లైకాల్‌ను తర్వాత కడిగేయవలసి రావచ్చు.

నీటితో చేస్తే చుట్టలను ఒకదాని తర్వాత ఒకటిగా, బుడగలు పూర్తిగా ఆగేవరకు నింపించండి. లోపల గాలి మిగిలితే పైన చెప్పిన ఇబ్బందులే మళ్లీ వస్తాయి. బాయిలర్ వైపు వాల్వులు మూయించడం మరిచిపోకండి, ఎందుకంటే అక్కడి సేఫ్టీ వాల్వ్ సాధారణంగా 3 బార్లకే తెరుచుకుంటుంది. ఎంత ఒత్తిడి, ఎంతసేపు అన్నది పైపు తయారీదారు సూచనల్లో ఉంటుంది. మొదట్లో ముల్లు కొంత దిగితే కంగారుపడకండి, పైపు సాగుతోందన్నమాట. మళ్లీ పంపు చేసి, అప్పటి నుంచి గమనించాలి.

తిరిగి అడిగిన సందేహం: చాలా ధన్యవాదాలండీ. పరీక్ష నెగ్గాక, స్క్రీడ్ పోసేముందు ఒత్తిడి తీసేయవచ్చా?

జవాబు: తీయనివ్వకండి. పరీక్ష స్క్రీడ్‌కు ముందే జరగాలనీ, పోసేటప్పుడు కూడా పైపులు ఒత్తిడిలోనే ఉండాలనీ యూరప్ ప్రమాణం ఈఎన్ 1264 చెబుతోంది. పార అంచు తగిలో, తోపుడు బండి చక్రం నలిపో పైపుకు చిల్లు పడితే, నీరున్న పైపు ఆ క్షణమే తడితో చోటు చూపిస్తుంది. పోయడం మొదలయ్యే ముందూ ముగిశాకా గేజ్‌ను ఫోటో తీసుకోండి. ఆ రోజు పంపునూ, చిల్లుపడిన పైపును కోసి అతికే ఒక రిపేర్ కప్లింగ్‌నూ చేతికందేలా ఉంచమని ప్లంబర్‌ను ముందే అడగండి.