నాన్నకి రోజుకి పదకొండు మాత్రలు, తగ్గించమని డాక్టర్‌ని అడగొచ్చా?

నిద్రలేని_కూతురు
నాన్నకి 81 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ ఎప్పట్నుంచో వేసుకుంటున్నారు, పోయినేడాది దాని డోసు పెంచారు. తర్వాత పాదాలు వాచాయి, వేరే డాక్టర్ ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర) రాశారు. దాంతో రాత్రి నాలుగైదు సార్లు బాత్రూమ్‌కి లేవడం మొదలైంది, ఒకసారి మంచం తడిసింది కూడా, ఆయన సిగ్గుతో రెండ్రోజులు మాట్లాడలేదు. దానికి ఇంకొకరు ఆక్సీబ్యుటినిన్ ఇచ్చారు. ఇప్పుడు నోరెండిపోతోంది అంటారు, మలబద్ధకం, సాయంత్రమయ్యేసరికి నేనెవరో ఒక్క క్షణం గుర్తుపట్టట్లేదు. బంధువులంతా మతిమరుపు జబ్బు మొదలైంది, దానికీ మందులున్నాయి అంటున్నారు. పన్నెండోది కూడా మొదలుపెట్టాలా? ఏదైనా తగ్గించండి అంటే డాక్టర్‌కి కోపం వస్తుందేమో అని టెన్షన్‌గా ఉంది.

మాత్రల_లెక్క
నేను ఫార్మసిస్ట్‌ని. మీరు రాసిన వరుసే చదివి చూడండి, జవాబు అందులోనే ఉన్నట్టుంది. ఒక మందు వల్ల వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు, దాని ఇబ్బందికి మరొకటి. దీన్ని ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్ అంటారు. పౌలా రోషాన్ అనే కెనడా పరిశోధకురాలు, అమెరికాకి చెందిన జెర్రీ గుర్విట్జ్ కలిసి 1990లలోనే దీని గురించి రాశారు. వికారం తగ్గడానికి మెటోక్లోప్రమైడ్ ఇస్తే కొందరు పెద్దవాళ్లకి చేతులు వణకడం, నడక బిగుసుకుపోవడం వస్తుంది, అది పార్కిన్సన్స్ అనుకుని ఆ జబ్బుకిచ్చే లెవోడోపా మొదలుపెట్టేస్తారు. అసలు ఆపాల్సింది మొదటి మందుని.

మీ నాన్నగారి విషయంలో ఆమ్లోడిపిన్ వాపు ఒంట్లో నీరు ఎక్కువై వచ్చేది కాదు. అది సన్నటి ధమనుల్ని వదులు చేస్తుంది, పీడనం కేశనాళికల మీద పడి ద్రవం బయటికి ఊరుతుంది. అందుకే ఫ్యూరోసెమైడ్‌తో మూత్రం బాగా పోతుంది గానీ వాపు పెద్దగా తగ్గదు. పాదాల వాపుకి గుండె, కిడ్నీ కారణాలు కూడా ఉంటాయి కాబట్టి వాటిని చూడకుండా తేల్చేయకూడదు, అది డాక్టర్ పని. ఆక్సీబ్యుటినిన్ ఎసిటైల్‌కోలిన్‌ని, అంటే నరాలు సంకేతాలు పంపడానికి వాడే ఒక రసాయనాన్ని, అడ్డుకునే రకం. నోరెండడం, మలబద్ధకం, తికమక మూడూ దాని ఖాతాలోవే. ఇంట్లో ఎవరైనా జలుబుకి క్లోర్‌ఫెనిరమిన్ ఇస్తున్నారా? అదీ అదే గుంపు.

అనుభవస్తురాలు
నేనైతే అడగడం మానేసి అమ్మ నిద్రమాత్ర ఒక్కరోజులో ఆపేశాను. ఏళ్ల తరబడి వేసుకున్నది. మూడో రోజుకి వణుకు, భయం, అస్సలు నిద్ర లేదు, చివరికి ఆస్పత్రి. మీరు మాత్రం అలా చేయకండి.

మాత్రల_లెక్క
అవును, ఆ రకం మాత్రలు వారాల తరబడి కొద్దికొద్దిగా దించాలి. కెనడాలో 2014లో వచ్చిన ఎంపవర్ అనే అధ్యయనంలో నిద్రమాత్రలు వాడే పెద్దవాళ్ల చేతికే ఒక చిన్న పుస్తకం ఇచ్చారు, ప్రమాదాలేంటి, ఎలా మెల్లగా తగ్గించాలి అని. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు, పుస్తకం ఇవ్వనివాళ్లలో 5 శాతమే. అంటే పేషెంటు నోరు తెరిచి అడిగితే జరిగే పనే ఇది.

గళ్లనోటుబుక్
బీర్స్ జాబితా పేరు విన్నారా? తాగే బీరు కాదు, మార్క్ బీర్స్ అనే అమెరికన్ వృద్ధుల వైద్యుడి పేరు. పెద్దవాళ్లకి వీలైనంతవరకు వాడకూడని మందుల్ని 1991లో ఒకచోట చేర్చారు, ఇప్పుడు అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని సవరిస్తూ వస్తోంది, 2023లో కూడా సవరించింది. ఐర్లాండ్‌లో పుట్టిన స్టాప్/స్టార్ట్ పద్ధతి నాకింకా నచ్చుతుంది, ఎందుకంటే ఆపాల్సినవే కాదు, ఇవ్వాల్సి ఉండి ఇవ్వనివి కూడా చెబుతుంది. కానీ ఆ జాబితా ప్రింట్ తీసి డాక్టర్ బల్ల మీద పెట్టకండి, నేను ఒకసారి పెట్టి చీవాట్లు తిన్నాను. జాబితాలో పేరుందంటే నిషేధమని కాదు.

ఇంకోటి, క్రియాటినిన్ (కిడ్నీ పని ఎలా ఉందో చూసే రక్తపరీక్ష అంకె) నార్మల్ అని రిపోర్టు చూసి ఊరుకోకండి. వయసుతో కండ తగ్గుతుంది, కండ తక్కువైతే క్రియాటినిన్ కూడా తక్కువే తయారవుతుంది, కిడ్నీ మందగించినా అంకె బాగానే కనబడుతుంది. డోసులు ఆయన కిడ్నీ పనికి సరిపోతున్నాయా అని అడగండి. ఒకే పేజీలో మాత్ర పేరు, ఎవరు రాశారు, ఏ నెలలో మొదలైంది, కొత్త ఇబ్బంది ఏ నెలలో వచ్చింది అని గళ్లు గీసి తీసుకెళ్లండి. ముగ్గురు డాక్టర్లకీ ఒకరు రాసింది ఇంకొకరికి తెలిసి ఉండదు.

నిద్రలేని_కూతురు
గళ్ల కాగితం పనిచేసింది! తేదీలు చూసి డాక్టరే "ఇది అప్పుడే మొదలైందా" అన్నారు, కోపమేమీ రాలేదు. గుండె, కిడ్నీ పరీక్షలు చేయించి, ముందు ఆక్సీబ్యుటినిన్ ఆపించారు, ఆమ్లోడిపిన్ తగ్గించి బీపీకి వేరే రకం ఇచ్చారు, ఫ్యూరోసెమైడ్ సంగతి రెండు వారాల తర్వాత చూద్దామన్నారు, అన్నీ ఒకేసారి కదిలిస్తే దేని వల్ల ఏమైందో తెలియదట. పది రోజులైంది. నోరెండడం తగ్గింది. సాయంత్రం తికమక ఇంకా కొంచెం ఉంది, కానీ నిన్న నన్ను పేరు పెట్టి పిలిచి టీవీ సౌండ్ తగ్గించమని విసుక్కున్నారు. జలుబు మాత్ర అలమరలో దొరికింది, అన్నయ్య ఇస్తున్నాడట.