పాత కారు ముందు చక్రంలో గరగర: బేరింగ్ మార్చాలా, కడిగి వేసుకోవచ్చా?

ప్రశ్న: మా దగ్గర 1930 నాటి ఫోర్డ్ మోడల్ ఏ ఉందండీ. చాలాకాలం షెడ్డులో కదలకుండా ఉండిపోయింది. ముందు ఎడమ చక్రాన్ని జాకీతో లేపి తిప్పితే గరగరమంటోంది. పైనా కిందా పట్టుకుని ఊపితే కాస్త కదులుతోంది కూడా. కొత్త బేరింగులు తెప్పించేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దండీ. ఆ లూజు బేరింగుదో, కింగ్‌పిన్నుదో (స్టీరింగు తిప్పితే ముందు చక్రం ఆ పిన్ను మీదే పక్కకు తిరుగుతుంది) ముందు తేల్చుకోండి. ఎవరినైనా బ్రేకు తొక్కి పట్టమని, మళ్లీ ఊపి చూడండి. కదలిక ఆగితే లూజు బేరింగులో ఉన్నట్టు. ఆగకపోతే కింగ్‌పిన్నూ బుష్షులూ అరిగినట్టు, అప్పుడు ఎన్ని బేరింగులు మార్చినా అది పోదు. చక్రం ఊడదీసే ముందు మాత్రం కారును స్టాండు మీదికి దించండి, జాకీని నమ్ముకోవద్దు.

బ్రేకు డ్రమ్ము లాగాక లోపలి దుమ్మును ఊదకండి, గాలి కొట్టకండి. ఆ కాలపు బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో మూటకట్టి పడేయాలి.

బేరింగులను కిరోసిన్‌లో నానబెట్టి, గట్టిపడిన గ్రీజంతా వదిలేదాకా బ్రష్షుతో కడగండి. ఆరాక కప్పును (రోలర్లు దొర్లే బయటి రింగును) వెలుతురులో తిప్పుతూ చూడండి, గోటితో గీరి చూడండి. రంగు మాసి గోటికి ఏమీ తగలకపోతే అది ఇంకా పనికొస్తుంది. గుంటలు పడినా, పొర లేచినా, వేడికి నీలం తిరిగినా పక్కన పెట్టేయాల్సిందే. పాలిష్ పెడితే బాగుపడదు, గట్టిపరిచిన పైపొర ఒక్కసారి పోతే ఇక తిరిగి రాదు.

ప్రశ్న: కడిగి చూశానండీ. బయటి బేరింగు నున్నగా ఉంది. లోపలి దాని కప్పు మీద సమాన దూరాల్లో అడ్డంగా గోధుమరంగు గీతలున్నాయి, గోటికి తగులుతున్నాయి. పైగా ఆ కప్పు హబ్బులో (చక్రం మధ్య భాగంలో) వేలితో తిప్పితే తిరుగుతోంది!

జవాబు: గీతల మధ్య దూరం రోలర్ల మధ్య దూరంతో సరిపోతుందేమో చూడండి. సరిపోతే, బండి కదలకుండా నిలబడ్డప్పుడు రోలర్లు ఆనిన చోట చెమ్మ చేరి తుప్పు తిన్నదన్నమాట. గరగర అక్కడిదే. కప్పు, కోను (రోలర్లు ఉండే లోపలి భాగం) రెండూ జతగా మార్చండి. కొత్త కోనును పాత కప్పులో తిప్పకూడదు.

అసలు సంగతి కప్పు తిరగడం. కోను స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు) మీద చేత్తో జారేలా ఉండటం సహజమే, కప్పు మాత్రం హబ్బులో బిగువుగా కూర్చోవాలి. కొందరు హబ్బు లోపల పంచితో చుక్కలు కొట్టి బిగిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కప్పు ఆ చుక్కల మొనల మీదే ఆనుతుంది, కొన్నాళ్లకు అవి నలిగి మళ్లీ వదులవుతుంది, వంకరగా కూర్చునే ప్రమాదమూ ఉంది. వదులు వెంట్రుకవాసి అయితే బేరింగును హబ్బుకు అతికించి పట్టి ఉంచే ద్రవం సరిపోతుంది. అంతకు మించితే లేతు మీద బోరు చేయించి స్లీవు (సన్నని లోహపు గొట్టం) వేయించాలి.

స్పిండిల్ మెడ దగ్గర, లోపలి బేరింగు ఆనే మూల వంపులో, పగులు ఉందేమో పగుళ్లలోకి ఇంకే రంగుద్రవంతో పరీక్షించండి. అక్కడ విరిగితే చక్రమే ఊడిపోతుంది. సన్నని గీత కనబడినా ఆ స్పిండిల్ వాడొద్దు.

ప్రశ్న: స్లీవు వేయించి కొత్త జత కూర్చోబెట్టాను. స్పిండిల్‌లో పగుళ్లు లేవు. ఇక నట్టు ఎంత బిగించాలి?

జవాబు: ముందు గ్రీజు అరచేతిలో పెట్టుకుని, బేరింగు అంచును దానిలోకి నొక్కుతూ రోలర్ల మధ్య నుంచి అవతలికి వచ్చేదాకా ఎక్కించండి. హబ్బు మొత్తం కూరొద్దు, వేడెక్కితే బ్రేకుల మీదికి కారుతుంది. ఫెల్టు సీలును నూనెలో నానబెట్టి వేయండి.

చక్రం తిప్పుతూనే నట్టు బిగించండి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత వదులు చేసి, స్ప్లిట్ పిన్ను (నట్టు తిరగకుండా ఆపే పిన్ను) దూరే దగ్గరి రంధ్రానికి తెండి. డయల్ గేజి (సన్నని కదలికను కొలిచే పరికరం) పెట్టి హబ్బును లోపలికీ బయటికీ లాగితే 0.025 నుంచి 0.125 మిల్లీమీటర్ల కదలిక చాలు. బిగిస్తే మంచిదనుకోకండి, ఈ రోలర్లు బిగువుకే కాలిపోతాయి. నట్టు కింది వాషరు నాలుక అరిగితే మార్చండి, లేకపోతే బేరింగుతోపాటు నట్టూ తిరుగుతుంది. స్ప్లిట్ పిన్ను ఎప్పుడూ కొత్తదే వేయాలి.

కొద్ది దూరం నడిపి హబ్బు మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉంటే నట్టు ఒక రంధ్రం వెనక్కి తిప్పి, కదలిక మళ్లీ కొలిచి చూడండి.