మంచి రివాల్వర్ల ధరలు ఇలా పెరుగుతుంటే పాతది కొనడం నయమా?

టార్గెట్ షూటింగ్ కోసం 357 మాగ్నమ్ (ఒక శక్తివంతమైన తూటా రకం) రివాల్వర్ కొనాలనుకుంటున్నాను, లైసెన్సు ఉంది. ధరలు చూస్తేనే టెన్షన్. ఈ తూటా వాడే పేరున్న రివాల్వర్ కోల్ట్ పైథాన్ 1955లో వచ్చింది, 2005లో తయారీ ఆగింది, 2020లో మార్పులతో మళ్లీ మొదలైంది. అయినా పాతవాటికి కలెక్టర్ల పోటీ తగ్గలేదు. అప్పట్లో లోపలి భాగాలను పనివాళ్లు చేత్తో ఆకురాయి పట్టి సరిపెట్టేవారు. ఆ పనితనానికి ఎక్కువ పెట్టడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది.

అదే తూటా వాడే మరో రివాల్వర్ రూగర్ జీపీ100 పైథాన్ కన్నా చవక, గట్టిది కూడా. కానీ ట్రిగ్గర్ అంత మెత్తగా ఉంటుందా?

పాతది కొంటే సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) ఊగుతోందా, ట్రిగ్గర్ లాగినప్పుడు అందులోని తూటా గది బ్యారెల్‌కి సూటిగా వచ్చి ఆగుతోందా అని చూడాలని తెలుసు. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు ఎంత దాటితే వదిలేయాలి? రిపేరు తెలిసినవాళ్లు దొరుకుతారా? వాడినవాళ్లు చెప్పండి, ప్లీజ్.