అనంతపురం ఎండలో బ్లాడర్‌వర్ట్‌కు పట్టిన పాచిని వదిలించేదెలా?

మా మేడ మీద 40 లీటర్ల ప్లాస్టిక్ తొట్టిలో, వేళ్లు లేకుండా నీటిలో తేలుతూ పెరిగే, చిన్న తిత్తులతో నీటి పురుగులను పట్టి తినే బ్లాడర్‌వర్ట్ రకం యుట్రిక్యులేరియా ఆరియాను రెండు నెలలుగా పెంచుతున్నాను. మొదట పోసిన బోరు నీటి టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల కొలత) 900 దాటి ఉండడంతో పది రోజుల్లోనే కొనలు నల్లబడ్డాయి. ఆర్వో నీటికి మార్చాక (ఇప్పుడు 40) కొత్త చిగుళ్లు వచ్చాయి. తిత్తుల్లో కొన్ని నల్లగా ఉన్నా, అవి పురుగులను పట్టినవే కనుక దాని గురించి నాకు బెంగ లేదు.

అసలు చిక్కు పాచి. మూడు వారాలుగా సన్నని పచ్చని దారాలు తీగను దూదిలా చుట్టేస్తున్నాయి, వేలితో లాగితే తిత్తులు కూడా రాలిపోతున్నాయి. సగం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టాను, ఎరువు ఏదీ వేయలేదు, వారానికోసారి మూడో వంతు నీరు మార్చాను, పాచిని తింటాయని డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులను కూడా వదిలాను. అవి పాచిని తగ్గించకపోగా మొక్కకే ఆహారమయ్యాయి. మధ్యాహ్నం మూడు గంటలకు నీటి వేడి 34 డిగ్రీలు ఉంటోంది. రాగి కలిసిన పాచి మందులు మొక్కకే హాని చేస్తాయని వాటి జోలికి పోలేదు.

పాచి అంటని మూడు అంగుళాల కొనలను మాత్రం కత్తిరించి, కొత్త ఆర్వో నీటిలో మళ్లీ మొదలుపెడితే అవి బతుకుతాయా?