గండికోటలో పడుకున్న పొరలు నల్లమలలో ఎందుకు నిలబడ్డాయి?

పెన్నాగట్టు:
మాది జమ్మలమడుగు. గండికోట లోయ గోడల్లో రాతిపొరలు బండలు పేర్చినట్టు చదునుగా ఉంటాయి. మొన్న నంద్యాల నుంచి గిద్దలూరుకు రైల్లో పోతుంటే, ఘాట్‌లో కొండ కోసిన చోట్ల పొరలు ఏటవాలుగా, అక్కడక్కడ నిలువుగా కనిపించినాయి. రెండూ కడప రాళ్లేనంటారు. మరి ఈ తేడా ఏంది?

రాళ్లసారు:
తమ్ముడూ, తిరుపతిలో ఎమ్మెస్సీ జియాలజీ చదివేటప్పుడు సుత్తి పట్టుకుని ఆ కొండలు తిరిగినవాణ్ణి. తర్వాత బేతంచర్లలో నాపరాళ్ల వ్యాపారం చేశాను, అది వేరే కథ.

ముందు అడుగున ఉన్న రాయి చూడాలి. గుత్తి కోట గుట్ట గ్రానైటు. అలాంటి పాత రాయే తూర్పుకు పోయేకొద్దీ కిందికి దిగి పల్లమైంది. అందులోకి లోతు తక్కువ సముద్రం వచ్చి ఇసుక, బురద, సున్నం పేరుకున్నాయి. పులివెందుల దగ్గర ఆ పొరల సందులో దూరి గట్టిపడిన నల్లరాయి వయసే సుమారు 188 కోట్ల ఏళ్లు. అది దూరిన పొరలు ఇంకా పాతవన్నమాట.

పడమట పొరలు పెద్దగా కదల్లేదు, అందుకే గండికోట అలా ఉంది. నల్లమల వైపు మాత్రం తూర్పు నుంచి నెట్టుడు తగిలింది. చాపను గోడకేసి తోస్తే ఏమవుతుంది? అదే అయింది. మార్కాపురం పలకలు ఆ నెట్టుడు చలవే: నొక్కుకుపోయిన బురద పలకరాయి అయింది. మా నాపరాయి అలా కాదు, పేరుకున్న పొర వెంబడే లేస్తుంది. పలకరాయి నొక్కుడు పడిన దిక్కుకు అడ్డంగా చీలుతుంది. చూడ్డానికి రెండూ పలకలే, వ్యాపారులు కూడా కలిపేస్తారు!

ఘాట్‌రోడ్డు:
తిరుమల ఘాట్‌లో కింద గ్రానైటు, పైన పొరల రాయి ఆనుకున్న గీత కనిపిస్తుంది. మధ్యలో పదుల కోట్ల ఏళ్ల కాలానికి రాయే లేదు. బస్సులో అయితే ఒక్క మలుపు.

పెన్నాగట్టు:
సారూ, మా వసారా బండ మీద అలల గీతలున్నాయి. డిజైన్ అని మేస్త్రీ ఎక్కువ తీసుకున్నాడు.

రాళ్లసారు:
అవి నిజం అలలే. గట్లు మొనదేలి, మధ్య గుంటలు గుండ్రంగా ఉంటే సరిగ్గా పరిచినట్టు. దానికి ఉల్టాగా ఉంటే బండ తిరగబడింది. నల్లమలలో పొర బోర్లాపడిందో లేదో మేమూ అలాగే చూసేవాళ్లం.

పెన్నాగట్టు:
ఇప్పుడే చూసినా. బోర్లా పరిచినాడు.