పనిజేసే వయసోళ్లు ఎక్కువుంటే సాలా?

దేవరకద్ర రైతు:
మొన్న రచ్చకట్ట కాడ ఒక పెద్దమనిషి అన్నడు, జపాన్ ముసలిదైంది, మన దగ్గర పడుచోళ్లున్నరు, ఇగ ముందుకాలం మనదే అని. 15 నుంచి 64 ఏండ్లోళ్లను పనిజేసే వయసోళ్ల కింద లెక్కగడ్తరు. జపాన్‌ల వాళ్లు 1995 కాడ సుమారు 8.7 కోట్లు, ఇప్పుడు 7.4 కోట్ల దాకా దిగిన్రు. మన దేశంల 90 కోట్లు దాటిన్రు. నిజమే. కానీ రెక్కల లెక్కనే బలమైతే పాలమూరు ఎన్నడో బాగుపడాలె గదా? దేశంల ఎన్ని డ్యాములకు మట్టి మోసిన్రు మనోళ్లు! మా నాయిన, కూలీలను తోల్కపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీస్కొని పోయి, ఎనిమిది నెలలకు వచ్చేటోడు. అప్పు తీరేది, అంతే.

మిర్యాలగూడ:
అన్నా, నేను ఒప్పుకోను. మా రైస్ మిల్లులల్ల బస్తాలెత్తే హమాలీలు బిహారోళ్లు. నాట్లకు గూడ ఇప్పుడు వాళ్ల గుంపులే దిగుతున్నయ్. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల మన తెలంగాణల ఒక్కో ఆడమనిషికి సగటున 1.8 మంది పిల్లలు. జనం తగ్గకుండ ఉండాల్నంటే 2.1 కావాలె. బిహార్‌ల 3 ఉండె, అక్కడ గూడ తగ్గుతున్నది. రేపు బస్తా ఎవరెత్తాలె? చైనా 1980ల ఒక్క బిడ్డ విధానం పెట్టి 2015ల తీసేస్తమని చెప్పింది, కాన్పులు ఒక్క ఏడాది పెరిగి మళ్ల తగ్గినయ్. లెక్క తేలికగ తీసెయ్యొద్దు.

నారాయణపేట టీచర్:
ఇద్దరూ రెక్కల గురించే మాట్లాడుతున్నరు. చైనాల ఫ్యాక్టరీలు రాకముందే ఊర్లల్ల బడి, వైద్యం చేరినయ్. అందుకే అక్కడి పడుచు వయసు పనికొచ్చింది. జపాన్‌ల పనిజేసే వయసోళ్లు తగ్గుతుంటే ఆడోళ్లు ఎక్కువగ ఉద్యోగాలకు వచ్చిన్రు, ఇప్పుడు ఆ వయసు ఆడోళ్లల్ల నూటికి 70 మందికి పైనే పనిల ఉన్నరు. మా బడిల చూడండి. దసరా దాటంగనే హాజరు పట్టీల కొన్ని పేర్ల ఎదురుంగ వరుసగ ఆబ్సెంట్లే. తల్లిదండ్రులతోని వలస పోయిన పిల్లలు. ఐదో తరగతి పిల్ల ఒకతె తమ్మున్ని ఎత్తుకునేతందుకు పోయింది. ఐదేండ్లైతే ఆ పిల్ల గూడ మీ కోట్ల లెక్కల పడ్తది. ఏం పనికి తయారై?

దేవరకద్ర రైతు:
మేడం, నేను చెప్పలేకపోయింది మీరు చెప్పిన్రు. ఒక మాట కలుపుత. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారినంక మా మేనమామ ఊర్ల వలసపోయినోళ్లు కొందరు వాపస్ వచ్చిన్రు. మనుషులు వాళ్లే, చేతులు అవే. నీళ్లొచ్చినయ్, పని ఊర్లనే దొరికింది.

మిర్యాలగూడ:
నీళ్ల మాట ఒప్పుకుంట. మిల్లుల మనుషుల కొరత మాత్రం ఉన్నది, ఈ సీజన్ల రెండు లారీలు ఒక రోజంత నిలబడ్డయ్. మేడం, వలస పోయేటోళ్ల పిల్లలకు సీజనల్ హాస్టల్ ఉంటది గదా, ఆ పిల్లను అందుల ఉంచరాదా?

నారాయణపేట టీచర్:
అడిగిన. తమ్మున్ని ఎవరు చూడాలె అన్నది తల్లి. చంటోన్ని హాస్టల్ల ఉంచుకోరు. అంగన్‌వాడీ సాయంత్రం దాకా ఉంటే ఆ పిల్ల నా క్లాసుల ఉండేది.