పంట కాపలాకు తుపాకీ: లైసెన్సు ఇచ్చేది అవసరం చూసా, మనిషిని చూసా?

మంచె కాపరి | రాత్రి 8.50

నల్లమల అంచున నాకు నాలుగెకరాల చేను ఉంది. వేరుశనగ, మొక్కజొన్న వేస్తాను. పంట రక్షణ కోసం మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు ఇవ్వవలసిందిగా రెండేళ్ళ క్రితం దరఖాస్తు చేసుకున్నాను. పద్నాలుగు నెలలకు వచ్చిన సమాధానంలో ఉన్నది ఒకే వాక్యం. దరఖాస్తుదారునికి ప్రాణహాని ఉన్నట్లు విచారణలో తేలలేదట. ప్రాణహాని ఉందని నేను ఎక్కడా రాయలేదు. పందులు ఉన్నాయని రాశాను.

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ మూడో ఉపవిభాగం పంట రక్షణ తుపాకీల విషయంలో లైసెన్సు "ఇవ్వాలి" అంటున్నది. ఆత్మరక్షణకు రివాల్వరు వంటివి అడిగిన వారి విషయంలో మాత్రమే, తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కలిగితే ఇవ్వాలని అంటున్నది. నాకు వచ్చిన సమాధానం ఆ రెండో రకం వారికి ఇచ్చేది. చట్టం ఇవ్వాలన్న చోట అధికారి ఇవ్వను అనవచ్చునా? తెలిసిన సభ్యులు చెప్పగలరు.

ఆయుధాగారం | రాత్రి 9.15

నేను ఆర్మ్‌డ్ రిజర్వులో ఆర్మరర్‌గా (పోలీసు తుపాకుల మరమ్మతు, సంరక్షణ చూసే ఉద్యోగిగా) పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. 31 సంవత్సరాలు తుపాకుల మధ్యనే గడిపాను. మీ ఆవేదన అర్థమైంది కాని, మీరు అడిగిన ప్రశ్న కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మందు కూరి పేల్చే తుపాకీని మీరు ఎప్పుడైనా చేత పట్టుకున్నారా? ఎంత మందు పోయాలి, గుండును ఎంత గట్టిగా దిగగొట్టాలి, పేలకుండా ఆగిపోయినప్పుడు ఎంతసేపు ఆగి గొట్టాన్ని ముట్టుకోవాలి అన్నవి తెలియకపోతే మొదట పోయేది పంది ప్రాణం కాదు, మీ చెయ్యి.

2016 నాటి ఆయుధాల నిబంధనల్లో 10వ నిబంధన దరఖాస్తుదారులు ఆయుధ భద్రతా శిక్షణ పూర్తి చేసి ధ్రువపత్రం పొందాలని చెప్తున్నది. పట్టుకోవడం, మోసుకెళ్ళడం, కాల్చడం, శుభ్రం చేయడం, ఇంట్లో భద్రపరచడం, చట్టం గురించిన ప్రాథమిక జ్ఞానం అన్నీ అందులో ఉన్నాయి. మీ దరఖాస్తుకు ఆ పత్రం జత చేశారా?

ఇంకొక మాట. తుపాకీ లైసెన్సు అంటే పందిని కాల్చడానికి అనుమతి కాదు. 2022 సవరణ తరువాత అడవి పంది వన్యప్రాణి చట్టం రెండో షెడ్యూలులో, అంటే రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. అటవీశాఖ అనుమతి లేకుండా కాల్చితే కేసు మీ మీదే పడుతుంది.

లంకవాసి | రాత్రి 9.22

సోలార్ కంచె వేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు కదా.

మంచె కాపరి | రాత్రి 9.58

లంకవాసి గారికి: నాలుగెకరాల చుట్టూ సోలార్ కంచెకు అయ్యే ఖర్చు నా రెండు పంటల మిగులుకు మించుతుంది. మా వైపు చేలు ఎలా ఉంటాయో మీరు చూసి ఉండరు. మా అమ్మవి, మా ఆవిడవి, చుట్టుపక్కల ఇళ్ళలో అడిగి తెచ్చినవి పాత చీరలు నలభై దాకా కర్రలకు చుట్టూ కట్టాను. గాలికి చీర కదిలితే మనిషి ఉన్నాడనుకుని పంది ఆగుతుందని నమ్మకం. పది రోజులు ఆగుతుంది. పదకొండో రోజు చీర కిందనుంచి ముట్టెతో ఎత్తి లోపలికి వస్తుంది. వేరుశనగ ఊడ దిగే వేళకు వచ్చిందంటే తెల్లారేసరికి అర ఎకరం తవ్విపోస్తుంది. మా పక్క ఊళ్ళో ఒకాయన దొంగచాటుగా కరెంటు తీగ లాగాడు. పంది చావలేదు, నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన కూలీ చనిపోయాడు. నేను ఆ పని చేయదలచుకోలేదు కాబట్టే చట్టం చెప్పిన దారిలో వెళ్ళాను.

ఆయుధాగారం గారికి: శిక్షణ పత్రం ఎక్కడ ఇస్తారని మూడుసార్లు అడిగాను. ఒక చోట జిల్లా కేంద్రానికి పొమ్మన్నారు, అక్కడ ఇంకా ఆ ఏర్పాటు లేదన్నారు, మూడోసారి అడిగితే లైసెన్సు వచ్చాక చూద్దామన్నారు. నేర్పని దానిని నేర్చుకోలేదని తప్పు పట్టడం ఏ న్యాయమో మీరే చెప్పాలి. అయినా తిరస్కరణలో శిక్షణ మాటే లేదు. "ఇవ్వాలి" అన్న పదానికి మీరు ఇంకా జవాబు చెప్పలేదు.

వకాల్తా | రాత్రి 10.20

ఆ పదం గురించి నేను చెప్తాను. 13వ సెక్షన్‌లో కనీసం 20 అంగుళాల గొట్టం ఉన్న నున్నని గొట్టపు (లోపల గాడులు లేని) తుపాకీకి, పంట రక్షణ కోసం అడిగే మందు కూరే తుపాకీకి "ఇవ్వాలి" అన్నది నిజమే. అయితే 14వ సెక్షన్ "13లో ఏమి ఉన్నప్పటికీ" అంటూ మొదలవుతుంది. ప్రజాశాంతికి, ప్రజాభద్రతకు అవసరమనుకుంటే అధికారి నిరాకరించవచ్చు. నిరాకరిస్తే కారణాలు లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో నిరాకరించరాదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. మీకు ఇచ్చిన కారణం 14వ సెక్షన్‌లోని ఏ గడిలోనూ కూర్చోదు. 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోండి, గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపండి.

ఆయుధాగారం | రాత్రి 10.41

వకాల్తా గారు సెక్షన్లు బాగా చెప్పారు. కాని ఒక్క పదాన్ని పట్టుకుని ఊరూరా తుపాకులు పంచడానికి మనది అమెరికా కాదు. 2023లో అక్రమ ఆయుధాల విషయమై విచారణ జరుపుతూ సుప్రీంకోర్టు కూడా, చట్టం అనుమతిస్తే తప్ప మన దేశంలో ఆయుధం ధరించే హక్కు ఎవరికీ లేదన్నది. 2020 డిసెంబరులో ఆదిలాబాద్‌లో ఏం జరిగిందో మరిచిపోయారా? ఒక మాజీ మున్సిపల్ వైస్ చైర్మన్ పాత కక్షలతో తన లైసెన్సు రివాల్వరు తీసి కాల్చాడు. గాయపడిన వారిలో ఒకరు తరువాత మరణించారు. ఆ రివాల్వరు కూడా కాగితాలన్నీ సక్రమంగా ఉన్నదే.

మా ఇంట్లో జరిగినది కూడా చెప్తాను. మా చెల్లెలి భర్త సైన్యం నుంచి వచ్చి ఒక బ్యాంకులో గార్డుగా చేరాడు. పదిహేనేళ్ళు తుపాకీతో బతికిన మనిషి. ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటూ జంట గొట్టాల తుపాకీని గోడకు ఆనించాడు. తుపాకీని మడిచి తూటాలు తీయాలి, రెండు గొట్టాల్లోనూ అవతలి వెలుతురు కనబడేలా చూడాలి, ఆ తరువాతే కింద పెట్టాలి. నేను వెయ్యిమందికి నేర్పిన మొదటి పాఠం అది. ఆ రోజు అతను చేయలేదు. తుపాకీ జారి బండ మీద పడింది. మా చెల్లెలికి అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. శిక్షణ ఉన్నవాడికే ఇలా జరిగితే, రాత్రి రెండు గంటలకు మంచె మీద నిద్రమత్తులో ఉన్న రైతు సంగతి ఏమిటి? ఈ వేదిక మీద నేను మాట్లాడేది ఆ భయంతోనే.

డల్లాస్ తెలుగు | రాత్రి 10.55

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి రాస్తున్నాను. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో 21 ఏళ్ళు నిండి, చట్టరీత్యా అనర్హత లేని వ్యక్తి లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. శిక్షణ తప్పనిసరి కాదు. 2017లో కాన్సాస్ రాష్ట్రం ఒలేథ్‌లో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపిన తరువాత మా మిత్రులలో కొందరు తుపాకులు కొన్నారు. 2024 నవంబరులో అట్లాంటాలో ఒక తెలుగు విద్యార్థి తన పుట్టినరోజునే, తన వేట తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించాడు. భయంతో కొన్నా, సరదాగా కొన్నా, నేర్పేవారు లేకపోతే ఫలితం ఒకటే. ఆయుధాగారం గారితో నేను ఏకీభవిస్తున్నాను.

బెంగళూరు బస | రాత్రి 11.02

కొడగులో కొడవలకు, జమ్మా భూమి (వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం భూమి) ఉన్నవారికి లైసెన్సు నుంచే మినహాయింపు ఉంది. అది 2029 దాకా చెల్లుతుందని కేంద్రం ప్రకటించగా కర్ణాటక హైకోర్టు 2021లో సమర్థించింది. అక్కడ ఇంటింటా తుపాకీ ఉంది, ఊళ్ళు తగలబడిపోలేదు.

ఆయుధాగారం | రాత్రి 11.20

కొడగులో అది తాతల నుంచి వచ్చిన అలవాటు, పిల్లవాడికి పెద్దలు నేర్పుతారు. మన పల్లెల సంగతి వేరు. గట్టు తగాదా, కాలువ తగాదా, ఎన్నికల తగాదా లేని ఊరు చూపించండి. మంచె కాపరి గారు మంచివారే కావచ్చు. కాని తుపాకీ ఒకసారి ఇంట్లోకి వచ్చాక అది పంది దగ్గర ఆగుతుందని ఎవరు హామీ ఇస్తారు? ఇప్పటిదాకా తుపాకీ అలవాటు లేని వారి చేతికి కొత్తగా ఇవ్వడం మంచిది కాదన్నదే నా అభిప్రాయం.

మంచె కాపరి | రాత్రి 11.49

"అలవాటు లేని వారు" అన్నారు. మంచిది, ఇప్పటిదాకా రాయనిది కూడా రాస్తాను.

మా ఊళ్ళో మూడు లైసెన్సు తుపాకులు ఉన్నాయి. మూడూ ఒకే కుటుంబంలోని ఇద్దరు అన్నదమ్ములవి. వారి చేలు ఊరి నడుమ, చెరువు కింద ఉన్నాయి. అక్కడికి పంది రాదు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు వారు వాటిని భుజాన వేసుకుని వస్తారు. 2019 సవరణ వేడుకల్లో నిర్లక్ష్యంగా కాల్పులు జరిపితే రెండేళ్ళ దాకా జైలు అన్నది. ఆ తరువాత కూడా మా ఊరి తిరునాళ్ళలో గాలిలోకి కాల్చారు. చూసినవారు మూడొందల మంది, ఫిర్యాదు చేసినవారు ఎవరూ లేరు. వారిని ఎవరూ మందు కూరడం వచ్చా అని అడగలేదు. వారి చేతిలోని తుపాకీ ఎక్కడ ఆగుతుందని మీరు కూడా అడగలేదు.

మాది ఊరి చివర ఎస్సీ పేట. నేను దరఖాస్తు పెట్టిన వారంలోనే ఆ ఇంటి నుంచి కబురు వచ్చింది. "నీకు తుపాకీ ఎందుకురా, పందులొస్తే మాకు చెప్పు" అన్నారు. విచారణకు వచ్చిన పోలీసాయన మా ఇంటికి రాలేదు, వారి అరుగు మీద కూర్చుని రాసుకుని వెళ్ళాడు. ప్రాణహాని లేదని ఆ అరుగు మీదే తేలింది. పంది కోసం అడిగాను, అది నిజం. కాని నా దరఖాస్తు ఆగింది పంది వల్ల కాదు, శిక్షణ వల్ల కాదు, 14వ సెక్షన్ వల్ల కూడా కాదు.

లంకవాసి | రాత్రి 11.55

ప్రతి విషయంలోకీ కులాన్ని తేవడం అవసరమా?

వకాల్తా | రాత్రి 12.10

అవసరమే, ఎందుకంటే చట్టమే దానిని తెచ్చింది. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నిబంధనల్లో 3వ నిబంధన చదవండి. దాడులు జరిగే అవకాశం ఉన్న ప్రాంతాల్లో ప్రభుత్వం తీసుకోవలసిన ముందు జాగ్రత్తల్లో, ఎస్సీ, ఎస్టీలు కాని వారి ఆయుధ లైసెన్సులు అవసరమైతే రద్దు చేయడం ఒకటి, అక్రమ ఆయుధాలు స్వాధీనం చేసుకోవడం ఒకటి, ఎస్సీ, ఎస్టీలకు అవసరమనుకుంటే ఆయుధ లైసెన్సులు ఇవ్వడం ఇంకొకటి. 1985లో కారంచేడు, 1991లో చుండూరులలో దళితుల హత్యాకాండలు చూసిన రాష్ట్రం మనది. చుండూరులో ఎనిమిది మందిని చంపిన కేసులో ప్రత్యేక న్యాయస్థానం 2007లో శిక్షలు వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ నిబంధన ఎందుకు పుట్టిందో ఇంతకంటే వివరించనక్కరలేదు.

ఆయుధాగారం | రాత్రి 12.38

మంచె కాపరి గారూ, "అలవాటు లేని వారు" అని నేను రాసింది తుపాకీ పట్టడం గురించే. అయినా అది మీకు ఎలా వినబడిందో అర్థమైంది, ఆ మాటను వెనక్కి తీసుకుంటున్నాను. విచారణ అరుగు మీద జరగడం తప్పు. దానిని సమర్థించను.

కాని నా అభిప్రాయం మారలేదు. ఆ ఇంట్లో మూడు ఉన్నాయి కాబట్టి మీ ఇంట్లో ఒకటి ఉంటే సరిపోతుందంటే ఊళ్ళో నాలుగు అవుతాయి. రేపు మాట మాట పెరిగినప్పుడు మీ చేతిలో మందు కూరే తుపాకీ ఉంటుంది, వారి చేతిలో జంట గొట్టాలది ఉంటుంది. మీరు ఒకసారి కాల్చి, మళ్ళీ మందు పోసి, గుండు దిగగొట్టి, ఎక్కుపెట్టేలోపు వారు ఎన్నిసార్లు కాల్చగలరో నాకు తెలుసు. ఆ తరువాత మొదట కాల్చింది మీరేనని రాస్తారు. వకాల్తా గారు చెప్పిన నిబంధనలోని మొదటి భాగమే నాకు న్యాయంగా తోస్తున్నది. మీకు ఇవ్వడం కాదు, వారివి తీసేయడం.

మంచె కాపరి | రాత్రి 12.57

అదే అడుగుతున్నాను. తీసేస్తారా? మీ 31 ఏళ్ళ ఉద్యోగంలో అలాంటి ఇంటి నుంచి లైసెన్సు రద్దయి వచ్చిన తుపాకీ ఒక్కటైనా మీ చేతి మీదుగా పోయిందా? వారివి తీయరు, నాకు ఇవ్వరు. అలాంటప్పుడు తుపాకీ ప్రమాదకరమని మీరు చెప్పే మాట నా ఒక్కడికే వర్తిస్తుంది.

డల్లాస్ తెలుగు | రాత్రి 1.05

ఇంతకుముందు నేను ఏకీభవించింది శిక్షణ వరకే. ఈ ప్రశ్నకు జవాబు నేనూ వినాలనుకుంటున్నాను.

ఆయుధాగారం | ఉదయం 5.40

రాత్రి జవాబు రాయలేకపోయాను.

ప్రతి ఎన్నికల ప్రకటన తరువాత లైసెన్సు ఆయుధాలు డిపాజిట్ చేయిస్తారు. మా ఆయుధాగారానికి వచ్చేవి. ఏ పెద్ద ఇంటిది ఏ తుపాకీయో చెక్క రంగు చూసి చెప్పేవాడిని. గొట్టాలు తుప్పు పట్టకుండా నూనె రాసి, చీటీ కట్టి, వరుసగా నిలబెట్టేవాళ్ళం. ఫలితాలు వచ్చాక ఆ చీటీలు చూసి తిరిగి ఇచ్చేవాళ్ళం. గొడవల్లో పేరు వినబడిన ఇళ్ళవి కూడా తిరిగి ఇచ్చాను, సంతకం పెట్టించుకుని. యజమాని చనిపోయి వారసులు రాని తుపాకులు మా దగ్గర మిగిలాయి. మీరు అడిగిన కారణంతో రద్దయి మిగిలిపోయినది నాకు ఒక్కటీ గుర్తు లేదు.

అయినా మీ చేతికి తుపాకీ రావాలని నేను అనలేను. మా చెల్లెలి ముఖం నాకు గుర్తొస్తుంది. పందుల విషయంలో మాత్రం ఒక దారి ఉంది. కేరళలో 2022 నుంచి స్థానిక సంస్థల అధ్యక్షులకు అధికారం ఇచ్చి, లైసెన్సు ఉన్నవారి చేత పంట పాడుచేసే పందులను కాల్పిస్తున్నారు. అది ఇక్కడ అడగవచ్చు.

మంచె కాపరి | ఉదయం 6.15

నిజం చెప్పినందుకు కృతజ్ఞతలు. కాని మా ఊళ్ళో లైసెన్సు ఉన్నవారు ఎవరో రాత్రే రాశాను. నా చేలో పందిని కాల్చమని నేను వెళ్ళి నిలబడవలసింది ఆ అరుగు ముందే.

వకాల్తా గారూ, అప్పీలులో 13వ సెక్షన్‌తో పాటు 1995 నిబంధన కూడా రాయవచ్చునా, లేక పంట రక్షణ వరకే ఉండాలా? సోమవారం కాగితాలు పట్టుకుని పట్నం వస్తాను.

వకాల్తా | ఉదయం 7.02

రెండూ రాయండి. తిరునాళ్ళ కాల్పుల సంగతి మాత్రం వేరే ఫిర్యాదుగా ఇవ్వండి. దాని మీద సంతకం పెట్టేవారు ఇంకొక ఇద్దరు దొరుకుతారేమో పేటలో అడిగి చూడండి.